అయిదు స్తంభాలూ, ఒక పేరూ

మన సాహిత్య విమర్శ శిల్పాన్ని గురించి చాలా మాట్లాడింది. ఆ రాతిమీద పనిచేసినవాడి భద్రతను గురించి మాత్రం, అది ఇంజనీర్ల వ్యవహారమని తప్పుకున్నది. వేదాద్రి ప్రాంతంలో వుంటూ తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ విభజన ఒప్పుకోదగ్గదిగా తోచదు.

జగ్గయ్యపేట పక్కన ధనబోడు దిబ్బమీద 1882లో బర్జెస్ బౌద్ధస్తూపాన్ని వెలికితీశాడు. అక్కడి ప్రాకృత శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో పాలనా సంవత్సరం నాటిది. అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దం. మహాచైత్యం తూర్పుద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలిపినవాడు సిద్ధార్థుడనే శిల్పి. అతని తండ్రి పేరు, కుటుంబంలోనివారి పేర్లు, ఊరి పేరు రాతిమీద వున్నాయి. రాజు పేరు కాలాన్ని చెప్పటానికి వచ్చింది. పని మాత్రం పనివాడి పేరన వున్నది.

ఐతే దీన్ని చూసి పాతకాలమంతా స్వర్ణయుగమని మురిసిపోనక్కరలేదు. సిద్ధార్థుడు దానం చేయగలిగిన స్థితిమంతుడు. ఆ రాళ్ళను గనిలో తీసినవారి పేర్లు, మోసినవారి పేర్లు ఆ శాసనంలో లేవు. పేరు దక్కటం అప్పుడూ అంతస్తును బట్టే.

నాడు స్తూపానికి పలకలైన సున్నపురాయే నేడు కృష్ణకు రెండువైపులా సిమెంటు కర్మాగారాలకు మేత. రాతిని పొడిచేసి, బంకమన్నువంటివి కలిపి, ప్రీహీటరులో కాచి, కొలిమిలో సుమారు 1450 డిగ్రీల దాకా మండిస్తే క్లింకరవుతుంది. దాన్ని జిప్సంతో కలిపి నూరితే సిమెంటు. బస్తామీద కంపెనీ పేరుంటుంది, తయారైన వారమూ సంవత్సరమూ వుంటాయి. చేసినవాడి పేరుండదు. 2024 జూలై 7న బూదవాడలోని ఒక కర్మాగారంలో, ప్రీహీటరు దగ్గర జరిగిన ప్రమాదంలో కార్మికులు కాలి గాయపడ్డారు, కొందరు మరణించారు. వారి పేర్లు అప్పుడు పత్రికల్లో చదివాం. కార్మికుడికి పేరున్నదని మనకు తెలియటానికి అతడు కాలిపోవాలా?

చిన్న పరిశ్రమ సంగతి వేరుగా లేదు. మా వైపు సిమెంటు ఇటుకలు పోసే యూనిట్లున్నాయి. కాంక్రీటు దిమ్మెలను కనీసం 14 రోజులు తడిగా వుంచాలని భారతీయ ప్రమాణం. సిమెంటు నీటితో కలిసి గట్టిపడటం నెమ్మదిగా జరిగే రసాయనక్రియ. తడి ఆరితే అది కుంటుపడుతుంది. ఈ సంగతి ఒక యజమానితో అంటే, “మాస్టారూ, నాలుగోరోజున లారీ వస్తుంది. పచ్చిగా వున్నాయంటే పక్కవాడి దగ్గరకు పోతుంది. సిమెంటు బాకీ మాత్రం నా నెత్తినే వుంటుంది” అన్నాడు. అతడు దుర్మార్గుడు కాడు. బేరం అతణ్ణి తరుముతున్నది. పచ్చి దిమ్మె విరిగితే కూలీ కాలిమీద పడుతుంది. విరగకపోతే గోడలో చేరి ఎవరో పేదవాడి ఇంట్లో పగులుగా బయటపడుతుంది. నాలుగోరోజుకీ పద్నాలుగోరోజుకీ మధ్యనున్న లాభానికి మూల్యం చెల్లించేది వీళ్ళిద్దరే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. విద్యుత్తు వాడేచోట పదిమంది వుంటే ఫ్యాక్టరీ అన్న హద్దును అది ఇరవైకి పెంచింది. పదిహేనుమందితో నడిచే యూనిట్ ఆ లెక్కనుంచి జారిపోతుంది. కార్మికసంఘాల అభ్యంతరం ఊరికే పుట్టినది కాదు. అదే కోడ్ ఉద్యోగికి నియామకపత్రం ఇవ్వాలని కూడా అంటున్నది. ఈ ఒక్క మాటనైనా గట్టిగా పట్టుకోవాలి.

సిద్ధార్థుని పేరు రాతిమీద వుండటం కీర్తి. కూలీ పేరు కాగితంమీద వుండటం రక్షణ. గాయపడిన రోజున ‘వీడు మా మనిషి కాడు’ అని గుత్తేదారు తప్పించుకోవటం అంత తేలిక కాదు. శాసనాల్లో పేర్లు వెతకటం నేర్చిన మనం ఈ కాగితాన్ని కూడా అడగాలి. శ్రమను గురించి రాసిన గేయాలను మెచ్చుకోవటంతో విమర్శకుని పని తీరిపోదు.