ముందు నూనె, తర్వాత కత్తి

మా ఉద్దానంలో పనసకాయ వండని ఇల్లు లేదు. లేతకాయను పొట్టు కొట్టి ఆవ పెడతాము. కాస్త ముదిరితే ముక్కలు కోసి మసాలా కూర చేస్తాము.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, అక్కుపల్లిలో ఒక విధవరాలి పనసచెట్టు కూలిపోయింది. నేను వెళ్లి, యోబు గ్రంథం తెరిచి చాలాసేపు బోధించాను. ఆమె ఏమీ అనలేదు. తర్వాత మందిరానికి రావడం మానేసింది.

ఆమె మళ్లీ నాటిన మొక్క ఈ సంవత్సరం తొలికాపు కాసింది. ప్రథమ ఫలమని ఒక లేతకాయ మా ఇంటికి తెచ్చింది. ఆత్రంగా కత్తి పెట్టాను. పాలు కారి వేళ్లకు, కత్తికి జిగురు పట్టేసింది.

"ముందు నూనె రాసుకోవాల అయ్యగారూ, తర్వాత కత్తి" అంటూ ఆమె నూనెగిన్నె నా ముందుకు జరిపింది.

ఆనాడు నేను చేసిన పొరపాటు అప్పుడు తెలిసింది. యోబు స్నేహితులు సహితం మొదటి ఏడు దినములు మౌనంగా అతనితో నేలమీద కూర్చున్నారు. నేను ఒక గంటైనా కూర్చోలేదు. క్షమించమని ఆమెను అడిగాను. ఆ పూట అందరం కలిసి పొట్టుకూర తిన్నాము.

ప్రియులారా, దుఃఖంలో ఉన్నవారి యొద్దకు వెళ్లునప్పుడు ముందు నూనె తీసుకొని వెళ్లుదము.