కాలువ కట్ట మీద నలభై కిలోమీటర్లు

మన ఇండ్లల్ల సైకిల్ అంటే గిర్నీకి పోయే బండి. మా బాపు పగటి పాళీ అయినా, రాత్రి పాళీ అయినా సైకిల్ మీదనే పోయేటోడు. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా, వెనక క్యారేజీ మీద నేనో, మా చెల్లెనో. సైకిల్ ఎక్కి ఊరికెనే తిరిగి రావడం అనేది మాకు తెలువదు. అందుకే ఈ ముచ్చట రాస్తున్న. 61 ఏండ్లకు నేను మొదటిసారి ఏ పాళీ లేకుండా సైకిల్ తొక్కిన.

పోవలసిన పని ఒకటి ఉండె. కరీంనగర్ జిల్లాల, హుజూరాబాద్ దగ్గర మా తాత పుట్టిన ఊరు ఉన్నది. తాత సోలాపూర్ వచ్చినంక అక్కడి ఇల్లు తాత తమ్ముని ఇంటోళ్ల చేతిల ఉండిపోయింది. ఇప్పుడు మూడు గోడలు, ఒక చేదబావి మిగిలినయి. ఆ ఇంటి మనుమడు, నాకు తమ్ముడు వరస, రెండేండ్ల సంది ఫోన్ చేస్తున్నడు. "అన్నా, నువ్వొచ్చి దస్కత్ పెడితే బావి పూడ్చి ఇల్లు కట్టుకుంట." నా కొడుకేమో "పైసలు తీసుకొని ఇచ్చెయ్యి బాపూ" అంటడు. నాకు మాత్రం చెయ్యి రాలే. తాత జాగ ఇచ్చేస్తే మనకు అక్కడ ఇంకేమున్నది అనిపించేది.

సిద్ధేశ్వరుని గడ్డా జాతర చూసుకొని, సంక్రాంతి వెళ్లినంక బస్సెక్కిన. హైదరాబాద్‌ల దిగి, మళ్లీ బస్సు పట్టి కరీంనగర్‌ల మా బామ్మర్ది ఇంట్ల పండుకున్న. తెల్లారి హుజూరాబాద్ బస్సుకు తయారైతుంటే బామ్మర్ది కొడుకు ఆపిండు. "మామా, రోడ్డు మీద లారీల నడుమ ఏం పోతవు? నా సైకిల్ తీసుకో. కాలువ కట్ట పట్టుకుంటే సక్కగ హుజూరాబాద్ దాకా పోవచ్చు." నవ్వులాటకు అన్నడు గని, నాకు మనసు పడ్డది.

ఆ కాలువ కాకతీయ కాలువ. ఊర్లల్ల అయితే ఎస్సారెస్పీ కాలువ అనే అంటరు. పోచంపాడు దగ్గర గోదావరి మీద కట్టిన శ్రీరాంసాగర్ నుంచి మొదలైతది. ఆ ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూ పునాదిరాయి వేసిండు. కాలువ మొత్తం పొడుగు 284 కిలోమీటర్లు, మొదట్ల 9,700 క్యూసెక్కుల నీళ్లు పట్టేటట్టు తవ్విన్రు. 146వ కిలోమీటరు కాడ కరీంనగర్ పక్కన దిగువ మానేరు డ్యాంల కలుస్తది. డ్యాం నుంచి మళ్లీ బయలుదేరి మానకొండూరు, శంకరపట్నం, హుజూరాబాద్ మీదుగ వరంగల్ దిక్కు పోతది.

పొద్దుగాల ఆరున్నరకు అల్గునూరు కాడ కట్ట ఎక్కిన. మంచు ఇంకా ఇడువలే. రాజీవ్ రహదారి మీద లారీల మోత ఒక పావు గంట వెనకనుంచి ఇనబడ్డది, తర్వాత అదీ లేదు. చైన్ చప్పుడు, నీళ్ల చప్పుడు, అంతే. సాంచెల నడుమ పుట్టి పెరిగిన చెవులకు అంత నిమ్మళం ముందుగాల ఎట్లనో అనిపించింది. మన గల్లీల సాంచెలు బందయితే కరెంటు పోయిందనో, సమ్మె అనో, పండుగ అనో లెక్క. ఇక్కడ ఏ కారణం లేకుండానే సల్లగ ఉన్నది.

కాలువ కట్ట సైకిల్‌కు ఎందుకు సుఖమంటే, కాలువ నీళ్లు మోటరు లేకుండా వాటంతట అవే పోవాలె. అందుకని గుట్ట వస్తే చుట్టు తిరిగి, వాగు వస్తే మీదనుంచి దాటి, భూమి ఎత్తును పట్టుకొని తవ్వుతరు. పల్లం ఉంటది గని కంటికి కనబడదు. నీళ్లకు ఎక్కుడు లేదు కాబట్టి మనకూ ఎక్కుడు లేదు. నా మోకాళ్లకు ఈ లెక్క బాగ నచ్చింది. ఒక దిక్కు పొలాలు కాలువ కంటే కిందికి ఉంటయి, ఇంకో దిక్కు మిట్ట భూములు, బండ గుట్టలు. తూముల నుంచి పిల్ల కాలువలు పల్లం దిక్కే దిగిపోతయి.

యాసంగి నాట్ల కాలం అది. కాలువల నీళ్లు వంతుల మీద ఇడుస్తరు, కొన్ని రోజులు పారిస్తరు, కొన్ని రోజులు బంద్ పెడ్తరు. నేను పోయిన నాడు పారుతున్నయి. తాళ్ల వరుసల నడుమ మళ్లు అద్దాల తీరుగ మెరుస్తున్నయి. కొంగలు దున్నే ట్రాక్టర్ వెనక నడుస్తున్నయి. కరెంటు తీగ మీద ఒక పాలపిట్ట కూసున్నది.

మానకొండూరు దాటినంక ఒక మడి ఒడ్డు మీద నాట్ల ఆడోళ్లు సద్దులు ఇప్పుకొని కూసున్నరు. వాళ్లల్ల ఒక పెద్దామె పిలిచింది.

"ఏ ఊరు అయ్యా, కొత్తగ అవుపడుతున్నవు?"

"సోలాపూర్ అవ్వా."

"చద్దర్ల సోలాపూరా? నా పెండ్లికి మా అన్న తెచ్చిండు ఒకటి. ఇప్పటికీ కప్పుకుంటున్న, చినగలే."

నేను ముప్పై ఏండ్లు చద్దర్లు నేసిన. నా చేతి సరుకు ఎవరు కప్పుకుంటరో నాకు ఎన్నడూ తెలువదు. ఆ మాటకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. వాళ్లు పెట్టిన మక్క గట్క, మామిడికాయ తొక్కు తిన్న.

అంతా పూలబాట అని చెప్తే అబద్ధం అయితది. కొన్ని చోట్ల కట్ట మీద సర్కారు తుమ్మ కమ్ముకొని ఉన్నది. ముల్లు దిగి వెనక చక్రం పంచరయింది. గంప మోసుకొస్తున్న ఒకాయన "గా వంతెన కాడ దుకాణం ఉంది" అంటే రెండు కిలోమీటర్లు సైకిల్ నడిపించుకుంటూ పోయిన. కొన్ని చోట్ల కంకర తేలింది, అక్కడ దిగి నడుసుడే. ఇంకో మాట గట్టిగ చెప్తున్న: కాలువలకు దిగొద్దు. అంచులు కాంక్రీటుతో నున్నగ, వాలుగ ఉంటయి, పాకురు పట్టి ఉంటది. జారితే పట్టుకోను గడ్డిపోచ దొరుకది. పైకి మెల్లగ కనబడుతది గని లోపల గుంజుడు ఎక్కువ. కాళ్లు కడుగ దిగి పోయినోళ్ల ముచ్చట్లు ఆ తొవ్వల ప్రతి ఊర్ల చెప్తరు.

శంకరపట్నం మండలంల కట్ట దిగి, తొవ్వ అడుక్కుంట మొలంగూర్ పోయిన. గుట్ట మీద కాకతీయుల కాలం నాటిదని చెప్పే ఖిల్లా ఉన్నది. కింద దూద్ బావి. నీళ్లు పాల తీరుగ తేటగ ఉంటయని ఆ పేరు. నిజాంకు ఇక్కడినుంచే నీళ్లు పోయేవని ఊరోళ్లు చెప్తరు. ఖిల్లా ఎక్కే ఓపిక లేకుండె. బావి గట్టు మీద కూసుంటే మా తాత ఇంటి బావి యాదికొచ్చింది.

తాత ఊరెందుకు ఇడిసిండో మా ఇంట్ల అందరికీ తెలుసు. సాలోనికి భూమి లేదు. అయినా రైతు పండితేనే మగ్గం ఆడుతది. వానలు లేక ఊరు ఎండితే చీర కొనేదెవరు, పంచె కొనేదెవరు? దానికి తోడు నూలు దొరుకది. సోలాపూర్ గిర్నీలల్ల నెల జీతం ఉన్నదంటే మూట కట్టుకొని పోయిండు. మా అవ్వ పెండ్లయినంక ఒక్కసారే ఆ ఊరు చూసింది. "బొక్కెన ఇడిస్తే నీళ్ల చప్పుడు కాలే బిడ్డా, అడుగున బండకు తాకి గణగణ మోగింది" అని ఇప్పటికీ చెప్తది. అవ్వకు ఇప్పుడు 84.

ఊరు చేరేసరికి మూడు దాటింది. తమ్ముడు ఎదురొచ్చి "బస్సు దిగితే బండి తెద్దును గదనే అన్నా!" అని మందలించిండు. చిన్నమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. వాళ్లుండేది రెండర్రల రేకుల ఇల్లు. దాంట్ల ఆరుగురు. ఇద్దరు ఆడపిల్లలు గోడకు ఆనుకొని చదువుకుంటున్నరు. ఆ మూడు గోడల కాడ చిన్నమ్మ ఇన్నేండ్లు పండుగ పండుగకు దీపం పెడుతున్నదట, ఇంటిపన్ను కడుతున్నదట. మేము ఒక్కనాడు ఒక్క రూపాయి పంపలే. ఎవరి జాగ అని నేను రెండేండ్లు కొట్లాడుకున్న సంగతి వాళ్లకు చెప్పను సిగ్గయింది.

బావి మీది తడక జరిపి బొక్కెన ఇడిసిన. రెండు బారలు పోకముందే బుడుంగుమన్నది. పైన కాలువ పారితే కింద బావులు ఊరుతయి అని తమ్ముడే చెప్పిండు. అయినా పిల్లలు పడుతరని, జాగ కలిసొస్తదని పూడ్చాలె అంటున్నడు.

నేను దస్కత్ పెట్టిన, పైసలు వద్దన్న. "ఒక్కటే అడుగుతున్న తమ్మీ, బావి ఉంచు. ఇనుప జాలీ ఖర్చు నాది." వాడు చాలాసేపు ఏం మాట్లాడలే. చివరికి చిన్నమ్మ అన్నది: "ఒక అర్ర చిన్నగ కట్టుకుందాం తియ్యిరా."

రాత్రి అవ్వకు ఫోన్ చేసిన. దస్కత్ సంగతి చెప్తే "మంచిగ చేసినవ్" అన్నది. తర్వాత అడిగింది, "బొక్కెన మోగిందా?"

"లేదవ్వా, మునిగింది" అన్న.

మన పద్మశాలీ ఇండ్లల్ల సగం మందికి ఆ దిక్కునే ఊర్లున్నయి. నారళి పున్నమికి మార్కండేయుని రథం గుంజుతం, ఊరి పేరు మాత్రం పిల్లలకు చెప్పం. జనవరిల, నాట్లప్పుడు పోండి. పొద్దున ఎండ మొఖం మీదనే కొడుతది, టోపీ పెట్టుకోండి. రెండు సీసాల నీళ్లు, పంచరు సామాను మరువొద్దు. తొందర మాత్రం వద్దు, అక్కడ ఏ సైరనూ మోగదు.