శ్రావణ ముహూర్తాలు

జులై 29, 2024

ఆషాఢం ఇంకో వారం ఉంది. ఏప్రిల్ నెలాఖరులో మూఢం పట్టింది మొదలు రాజమండ్రిలో మాలాంటి చిన్న స్టూడియోలన్నీ పాస్‌పోర్టు ఫొటోలతో, లామినేషన్లతో నెట్టుకొస్తున్నాయి. శుక్రుడూ గురుడూ సూర్యుడికి దగ్గరై కనబడకుండా పోతే ముహూర్తాలుండవు. మామూలుగా మాకు తిండి పెట్టే మే, జూన్ రెండూ ఈసారి అలాగే పోయాయి. కడియపులంక పూల మార్కెట్లో దండలు కట్టేవాళ్లని కదిపినా ఇదే మాట. సన్నాయి మేళం, వంటవాళ్లు, షామియానా కుర్రాళ్లు, మేము, అందరం ఒకే పంచాంగం కింద బతికేవాళ్లం. ఇక శ్రావణం వస్తే ముహూర్తాలన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఒకే రాత్రికి ముగ్గురు అడుగుతారు, ఇద్దరికి లేదని చెప్పాలి.

లెన్సులన్నీ బయటికి తీసి టార్చి వేసి చూశాను. గోదావరి గాలిలో తేమకి అద్దం లోపల సాలెగూడు పోగుల్లా ఫంగస్ పాకుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టినందుకు అన్నీ శుభ్రంగానే ఉన్నాయి.

ఆగస్టు 2

ప్రీ వెడ్డింగ్. పాపికొండల్లో పడవ మీద కావాలన్నారు. గోదావరి ఇంకా ఎర్రగా పారుతోంది, పడవ మాటే లేదు. కడియం నర్సరీల్లో తీశాం.

ఈ షూటింగుల్ని పెద్దవాళ్లు విసుక్కుంటారు గానీ నాకు పనికొస్తాయి. అమ్మాయి నవ్వితే ఎడం కన్ను ముందు మూసుకుంటుంది. అబ్బాయి పొడుగు, పక్కన మనిషి నిలబడగానే మెడ వంచేస్తాడు. పెళ్లి పీటల మీద ఇవి తెలుసుకునే తీరిక ఉండదు.

ఆగస్టు 8, తెల్లవారాక

అమలాపురం దగ్గర పెళ్లి. ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకి. ఫొటోలకి నేను, మా అసిస్టెంట్ కుర్రాడు. వీడియోకి పెళ్లికొడుకు వాళ్లు వేరే ఊరి నుంచి టీముని పిలిపించారు. రెండు గింబల్స్, ఒక క్రేను, డ్రోను.

జీలకర్ర బెల్లం బాగా వచ్చింది. అడ్డుతెర దించేటప్పుడు నిలబడే చోటు ఒకటే ఉంటుంది, పురోహితుడు గారి కుడి భుజం వెనక. అక్కడ ముందే కూర్చోవాలి, తెర దిగాక వెతుక్కుంటే దొరకదు. వీళ్లిద్దరూ రెండు నెలలుగా రోజూ వీడియో కాల్లో మాట్లాడుకున్నవాళ్లే. అయినా తెర దిగి, ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెట్టుకున్న ఆ క్షణాన అమ్మాయి కళ్లు ఎత్తిన తీరు వేరు. ఎన్ని పెళ్లిళ్లు తీసినా అక్కడ నా ఊపిరి బిగుసుకుంటుంది.

తాళి దగ్గర గొడవ. రెండు ముళ్లు పడ్డాయి. పసుపుతాడు కొత్తది, బిరుసుగా ఉంది, పసుపు తడికి వేళ్లలోంచి జారుతోంది. పెళ్లికొడుకు బొటనవేలి గోటి చుట్టూ పసుపు ముద్ద కట్టింది. ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుంది. సరిగ్గా అప్పుడు వీడియో అతను, "బ్రో, ఆగండాగండి, మూడో ముడి స్లోగా, ఇటు చూస్తూ!" అని అరిచాడు. అబ్బాయి చేతులు ఆగిపోయాయి. పురోహితుడు గారు మంత్రం ఆపలేదు. చదువుతూనే, "వెయ్యి నాన్నా, వెయ్యి" అన్నారు. గట్టిమేళం మోగుతూనే ఉంది. ముడి పడింది. అక్షింతలు నా లెన్సు మీద టపటపా రాలాయి.

తర్వాత ఆ టీము వాళ్లు ఇంకోసారి కట్టినట్టు చేద్దామని అడిగితే పురోహితుడు గారు కుదరదన్నారు. నేను ఆయన పక్షాన మాట్లాడాను. కెమెరా కోసం మంత్రం ఆగకూడదు. వాళ్లు పెళ్లి చేసుకోవడానికి పీటల మీద కూర్చున్నారు, మనం దాన్ని తీయడానికి వెళ్లాం. తంతు తెలిసినవాడికి ఎవర్నీ ఆపాల్సిన పని పడదు. నేను ముందు రోజే పురోహితుడు గారి దగ్గర కూర్చుని వరస రాసుకుంటాను. వీళ్లలో కాశీయాత్ర ఉందా, మేనమామలు బుట్టలో తెస్తారా, మధుపర్కాలు ఎప్పుడు కడతారు, మట్టెలు ఎవరు తొడుగుతారు. ఇంటింటికీ తేడా ఉంటుంది. అది తెలిస్తే ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది.

మండపం ముందు మేం ఎనిమిది మందిమి గోడ కట్టినట్టు నిలబడితే, బంధువులు కుర్చీల్లో కూర్చుని తెర మీద చూస్తున్నారు. అంత దూరం నుంచి వచ్చిన తాతగారు మనవరాలి పెళ్లి స్క్రీనులో చూడాలా? అందుకే నేను ఎక్కువసేపు కింద కూర్చునే తీస్తాను. మోకాళ్లు నొప్పెడతాయి, పట్టించుకోను.

ఆగస్టు 10

రిసెప్షన్. వేదిక వెనక ఎల్‌ఈడీ గోడ, ఫొటోలో అడ్డంగా నల్ల చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం ఎల్‌ఈడీ లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/100కో 1/50కో దించితే ఆ చారలు పోతాయి. గోడది మళ్లీ దాని లెక్క దానిది, నాలుగు రకాలు వేసి చూసుకోవాలి. మా కుర్రాడికి దగ్గరుండి చూపించాను. రెండోసారి వాడే సరిచేశాడు.

ఆగస్టు 11, అన్నవరం

కొండ మీద ఎక్కడ చూసినా పెళ్లివారే. ఒక జంట మెట్లు దిగుతుంటే ఇంకో జంట ఎక్కుతోంది. సత్యదేవుడి సన్నిధిలో చేసుకుంటే ఖర్చు తక్కువ, పుణ్యం ఎక్కువ అని మా గోదావరి జిల్లాల్లో నమ్మకం. హాలు లేదు, డ్రోను లేదు. పగటి వెలుతురు, పసుపు బట్టలు, చెమట. ఇవాళ్టి పెళ్లికొడుకు ఆటో నడుపుతాడు. ఆల్బమ్ వద్దు, ఇరవై ప్రింట్లు చాలన్నాడు. ఆ ఇరవైకీ నేను పడిన శ్రద్ధ ఏ పెద్ద పెళ్లికీ తగ్గలేదు. వ్రతం అయ్యాక వాళ్ల నాయనమ్మ నా చేతిలో ప్రసాదం పొట్లం పెట్టింది. ఆకులో వెచ్చగా, నేతి వాసన.

ఆగస్టు 16

వరలక్ష్మీ వ్రతం. పెళ్లి లేదు. కార్డులన్నీ కాపీ చేశాను. ప్రతి పెళ్లీ రెండు హార్డ్ డిస్కుల్లో ఉండాలి, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో. రెండో కాపీ తెరిచి చూసేదాకా కార్డు చెరపను.

ఆగస్టు 18

ఇవాళ్టిది వివరంగా రాసుకోవాలి.

పెళ్లికూతురికి నాన్న లేరు. ముహూర్తం పొద్దున 9 దాటాక. తెల్లారగట్ల ఐదున్నరకే నేను పెళ్లికూతురి గదిలో ఉన్నాను. ఆడదాన్ని కాబట్టి ఆ గదిలోకి నాకు దారి ఉంది. తలుపు వేసుకున్నాక ఆడవాళ్లు ఒక్కసారి వదులవుతారు, పైటలు సర్దుకోరు, గొంతులు మారతాయి. అక్కడ ఏది తీయాలో ఏది తీయకూడదో తెలిసే మసులుతాను.

ఆ అమ్మాయి ఉప్పాడ చీర కట్టుకుంటోంది. వాళ్లమ్మగారు నేల మీద మోకాళ్లేసి కుచ్చిళ్లు పెడుతున్నారు. పెదాల మధ్య రెండు పిన్నులు. ఒక్కో మడతా చిటికెన వేలితో నొక్కి, అంచు అంచుకి కలిపి, కింది నుంచి ఒకసారి లాగి చూస్తున్నారు. అమ్మాయి పడిపోకుండా తల్లి భుజం మీద చెయ్యి వేసింది. తూర్పు కిటికీలోంచి వెలుతురు తిన్నగా ఆ చేతి మీద పడింది. ఫ్లాష్ వేయలేదు. 35 ఎంఎం లెన్సుతో, నేనూ కింద కూర్చుని, వరసగా తీశాను. మాట్లాడలేదు.

తర్వాత పెళ్లి మొదలైంది. కాళ్లు కడగడం, కన్యాదానం బాబాయి, పిన్ని చేశారు. అమ్మగారు ఎక్కడా లేరు. వెతికితే సామాన్ల గదిలో ఉన్నారు, సారె లెక్క చూసుకుంటూ. తాపేశ్వరం కాజాల బుట్టలు, అరటి గెలలు, పసుపు కుంకాల పొట్లాలు.

"అమ్మగారూ, తాళి కట్టే టైం అవుతోంది, రండి."

"నేనక్కడికి రాకూడదు తల్లీ. మా తోడికోడలు చూసుకుంటోందిగా. నువ్వెళ్లు, ఫొటోలు పోతాయి."

కోపం వచ్చింది నాకు. ఇరవై నాలుగేళ్లు పెంచిన మనిషి, ఈ పెళ్లికి పైసా పైసా కూడబెట్టిన మనిషి, గట్టిమేళం గోడవతల నుంచి వినాలట. ఇలాంటి తల్లుల్ని చాలామందిని చూశాను. ఆల్బమ్ తిరగేస్తే పిన్నులుంటారు, అత్తలుంటారు, మండపం కట్టినవాడూ ఏదో ఒక మూల ఉంటాడు. కన్నతల్లి ఉండదు. వాళ్ల ఆచారాన్ని మార్చే హక్కు నాకు లేదు, మండపం దగ్గర నిలబడి వాదన పెట్టుకునే సమయమూ కాదు. నేను తంతుని ఆపను. తంతు పక్కన పెట్టిన మనిషిని మాత్రం నా కెమెరా వదలకూడదు. పరుగెత్తుకెళ్లి తాళి తీశాను, తలంబ్రాలు తీశాను. అరుంధతీ దర్శనానికి బయటికి వచ్చినప్పుడు పెళ్లికూతుర్ని అడిగి, ఇద్దర్నీ సామాన్ల గదిలోకి తీసుకెళ్లాను. అమ్మాయి వంగి కాళ్లకి దండం పెట్టింది. అల్లుడు కూడా పెట్టాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

భోజనం మూడున్నరకి, ఆఖరి పంక్తిలో. పనసపొట్టు కూర అప్పటికి అయిపోయింది.

ఆగస్టు 19

రాఖీ పున్నమి. ఫొటోగ్రఫీ దినోత్సవం కూడా. 1839లో ఇదే రోజున ఫ్రాన్సులో డాగ్యేర్ పద్ధతిని లోకానికి బయటపెట్టారు.

నాకు ఈ రోజున గుర్తొచ్చేది మాత్రం రాజా దీన్ దయాళ్. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్, సికింద్రాబాదులో స్టూడియో పెట్టినవాడు. 1892లో హైదరాబాదులో పరదా చాటు ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, అక్కడ ఫొటోలు తీయడానికి ఒక ఆంగ్లేయ స్త్రీని నియమించాడు. నూటముప్పై ఏళ్ల తర్వాత కూడా నేను హాల్లోకి అడుగు పెట్టగానే, "మేకప్ అమ్మాయివా?" అని అడుగుతారు. ఆ స్టూడియో గురించి నాకు ఎంతో తెలుసుకోవాలని ఉంటుంది. ఆ గదిలో తలుపు వేశాక వాళ్ల గొంతులు ఎలా మారేవో.

ఆగస్టు 23

నిన్నటి పెళ్లివారు అప్పుడే ఫోను. "అమ్మాయిని కొంచెం తెల్లగా చేసి ఇవ్వండమ్మా, అటువైపు చుట్టాలకి పంపాలి." అడిగింది మేనత్త.

ముఖం నల్లబడటానికి సగం కారణం అమ్మాయి రంగు కాదు, మధుపర్కాలు. అంత తెలుపు ఎదురుగా ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని బొమ్మ మొత్తాన్ని మసక చేస్తుంది. మనం చేత్తో వెలుగు పెంచుకోవాలి. నేను పెంచే తీస్తాను. చామనఛాయ బుగ్గ మీద పసుపు, బాసికం నీడ, హోమం వెలుతురు పడితే ఆ రంగుకి సాటి లేదు. దాన్ని పిండి పూసినట్టు చేయమంటే నా చెయ్యి రాదు. మేనత్తగారికి ఇదే చెప్పాను. ఫొటో పంపి, ముందు చూడమన్నాను. గంటకి, "బానే ఉందిలేండి" అని మెసేజ్ వచ్చింది. అమ్మాయి దాన్నే తన వాట్సాప్‌లో పెట్టుకుంది.

సెప్టెంబరు 6

విజయవాడ సింగ్ నగర్ నుంచి పాత కస్టమరు ఫోను. బుడమేరు వాగు పొంగి నీళ్లు ఇంట్లోకి వచ్చి బీరువా మునిగిందట. బట్టలు పోతే పోయాయి గానీ పెళ్లి ఆల్బమ్ అని ఏడుస్తోంది. ఆరేదాకా ఆగొద్దని చెప్పాను. ఆరితే పేజీలు అతుక్కుపోతాయి, ఇక విడదీయలేం. ఫొటో కాగితం తడికి ఓర్చుకుంటుంది. బురదని చల్లటి మంచినీళ్లలో మెల్లిగా కడిగి, బొమ్మ పైకి ఉండేలా నీడలో, తుడవకుండా పరిచి ఆరబెట్టాలి. ఆమె పెళ్లి రీళ్ల కాలంలోది. నెగెటివులు మా దగ్గర అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఏది పాడైనా మళ్లీ ప్రింటు వేసిస్తాను, డబ్బులు వద్దని చెప్పాను.

అక్టోబరు 4

మా పేజీలో ఉన్న తన ఫొటో తీసేయమని ఒకమ్మాయి అడిగింది. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. వెంటనే తీసేశాను. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదేనని 1957 కాపీరైట్ చట్టమే చెబుతోంది. చట్టం లేకపోయినా తీసేసేదాన్ని.

నవంబరు 11

ఆగస్టు 18 పెళ్లివారి సెలెక్షన్ ఇప్పటికి వచ్చింది. సగం డబ్బు ఆల్బమ్ చేతికిచ్చాకే ఇస్తారు, వాళ్లు ఫొటోలు ఎంచేదాకా మా డబ్బు కదలదు. ఒక్కో ఇంట్లో ఏడాది పడుతుంది.

బాబాయిగారు పంపిన లిస్టులో కుచ్చిళ్ల ఫొటో లేదు. సామాన్ల గదిలోదీ లేదు. అమ్మాయికి ఫోను చేసి రెండూ పంపాను. చాలాసేపటికి తనే చేసింది. "అక్కా, అమ్మ పిన్నులు పట్టుకున్నది రెండు పేజీలకీ కలిపి పెద్దదిగా వెయ్యండి. రెండోది కూడా. బాబాయితో నేను మాట్లాడతాను."

సాయంత్రం బాబాయిగారు స్టూడియోకే వచ్చారు. వేయొద్దనలేదు. కుర్చీలో కూర్చుని, స్క్రీను మీద వదినగారి ఫొటో రెండుసార్లు పెద్దది చేయించుకుని చూశారు. "వెయ్యండమ్మా. కాకపోతే కన్యాదానం తర్వాత వస్తే బాగుంటుందేమో, మొదట్లో అంటే పెద్దవాళ్లు..." అన్నారు.

"ఇది తెల్లారి ఆరింటికి జరిగిందండీ. కన్యాదానం ఆ తర్వాత. వరసలో ముందు ఇదే రావాలి."

కాసేపు ఆలోచించి, "సరే, వరస ప్రకారమే కానివ్వండి" అన్నారు. రాత్రికే డిజైన్ పూర్తిచేసి ప్రెస్సుకి పంపేశాను. కార్తీకం ముహూర్తాలు వచ్చేశాయి, ఎల్లుండి కాకినాడ. మా కుర్రాడు బ్యాటరీలన్నీ ఛార్జింగులో పెట్టి, ఆ ఊరి పురోహితుడు గారి నంబరు సంపాదించుకొచ్చాడు.