ఢిల్లీలో ఆగిన పార్సిల్

దూలపల్లి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీ నాది. ఒకవైపు ఫారెస్ట్ అకాడమీ, అడవి. ఇంకోవైపు ఫ్యాక్టరీల షెడ్లు. ర్యాకుల నిండా సిలబస్ పుస్తకాలే. ఎవరో విరాళమిచ్చిన తెలుగు నవలలు మాత్రం ఒక బీరువాలో ఉన్నాయి. వాటిని ఇష్యూ చేయించుకునేది విద్యార్థులు కాదు, నాన్ టీచింగ్ స్టాఫ్. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ బైండింగుకు వెళ్లొచ్చినా మళ్లీ అట్ట ఊడింది. యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’కూ గిరాకీ తగ్గలేదు. మొహం చూపించని అమ్మాయి ఒక చెస్ ఆటగాడికి ఫోన్ చేస్తూ, తనెవరో కనుక్కోమని చిక్కుముళ్లు వేసే కథ అది. 1995లో కన్నడంలో ‘బెళదింగళ బాలె’ సినిమా అయింది.

ఇలాంటివి చదివే ఆడవాళ్లు కనపడని మనుషుల మాయలో పడతారని మా స్టాఫ్ రూమ్‌లో కొందరంటారు. నేను ఒప్పుకోను. ‘సెక్రటరీ’లో హీరో రాజశేఖరం హీరోయిన్ జయంతిని ఏ పేజీలోనూ డబ్బు పంపమనలేదు.

మారుపేర్లు మా వృత్తికి కొత్త కాదు. బీనాదేవి అంటే భార్యాభర్తలిద్దరు. ‘ఇల్లాలి ముచ్చట్లు’ చెప్పిన పురాణం సీత అసలు పేరు పురాణం సుబ్రహ్మణ్యశర్మ. ఈ పేరుకు ఆ పేరు చూడండి అని కేటలాగులో ఒక కార్డు పెడతాం, పని అయిపోతుంది.

కౌంటర్ దగ్గరే కష్టం. వచ్చినవాళ్లు మొదట అడిగేదీ, వాళ్లకు నిజంగా కావాల్సిందీ చాలాసార్లు ఒకటి కాదు. లైబ్రరీ సైన్సులో దీన్ని రెఫరెన్స్ ఇంటర్వ్యూ అని పాఠంగానే చెబుతారు. షుగర్ మీద పుస్తకం అడిగిన కుర్రాడికి కావాల్సింది వాళ్లమ్మ రిపోర్టు అర్థం కావడం. ‘ఎందుకు’ అని సూటిగా అడిగితే మనిషి ముడుచుకుపోతాడు. పక్కనుంచి రావాలి.

ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో పనిచేసే ఒకావిడ (గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను) వచ్చి, “కస్టమ్స్ రూల్స్ ఉండే బుక్ ఏమన్న ఉన్నదా మేడం?” అన్నారు. ల్యాబ్‌కూ కస్టమ్స్‌కూ ఏం సంబంధం? ఆ మాట అనలేదు. పార్సిల్ సంగతా, వ్యాపారం సంగతా అన్నాను. పార్సిలట. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో ఆగిందట. పంపిందెవరో చెప్పడానికి కాస్త సేపు పట్టింది. లండన్‌లో డాక్టరు. పెళ్లిసంబంధాల సైట్‌లో పరిచయం. ఆవిడ భర్త పోయి చాలాకాలమైంది. ఆయన భార్యా పోయిందన్నాడు. వీడియో కాల్ అంటే మాత్రం ఎప్పుడూ కెమెరా పాడే. నగలు పంపాను అన్నాడు, మర్నాడు “కస్టమ్స్ ఆఫీసరు” ఫోన్ చేసి సుంకం కట్టమంది. పొద్దున్నే ఒక విడత కట్టేశారు, ఇంకో విడత అడుగుతున్నారు.

ఫోటో గూగుల్ లెన్స్‌లో వేశాం. అదే మొహం, ఇంకో పేరు, ఇంకో దేశం. కస్టమ్స్ శాఖ పంపే కాగితం మీద 2019 నుంచి డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. శాఖ వెబ్‌సైట్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. సుంకాన్ని ఎవరి సొంత ఖాతాలోనూ వేయమనరు. ఈవిడకొచ్చిన కాగితం మీద అశోక స్తంభం ఉంది, ముద్ర ఉంది, సంతకం ఉంది. ఆ నంబరొక్కటే లేదు. అక్కడే కూర్చోబెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. డబ్బు ఖాతాలు మారిపోయేలోపు చెబితేనే ఆపించే వీలుంటుంది. వేరొకరి వేషంలో ఆన్‌లైన్‌లో మోసం చేస్తే ఐటీ చట్టం 66-డి కింద మూడేళ్లదాకా జైలని కూడా చూపించాను. అది ఆవిడకు పట్టలేదు.

“మరి గా మెసేజ్‌లన్నీ ఎవరు రాసిన్రు మేడం?”

ఇదీ అసలు ప్రశ్న. 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు చెప్పాను. డేటా ఎంట్రీ ఉద్యోగమని మన కుర్రాళ్లను కంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, వాళ్లచేత ఆన్‌లైన్ మోసాలు చేయించారు. వలపు వల వేయడమూ ఆ పనుల్లో ఒకటి.

“అంటే తెలుగోడే కావచ్చా?”

“కావచ్చు. చెప్పలేం.”

ఆవిడ ఆ “డాక్టరు” నంబరు బ్లాక్ చేయబోతే ఆపి, ముందు స్క్రీన్‌షాట్లు తీయమన్నాను. మొదటి గుడ్ మార్నింగ్ నుంచి వరసగా తీస్తున్నారు. డబ్బు అడిగినవి చాలన్నాను.

“వద్దు మేడం, అన్నీ ఉండాలె. పోలీసోళ్లు గూడ సదవాలె, నేనెట్ల నమ్మిన్నో.”