ఒక గది, ఒక గంట

మానసిక వైద్యుని యొద్దకు రావలసినవారు రెండు కారణములచేత ఆలస్యము చేయుచుందురు. తమ బాధ వైద్యునికి చెప్పుకొనదగినంత పెద్దది కాదనుకొనుట మొదటిది. చెప్పుకొనబోవుచు ఎవరి కంటనైనను పడుదుమేమోయని జంకుట రెండవది. ఈ జంకు ఏ ఊరనైనను గలదు గాని, నేను వైద్యము చేయుచున్న జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగరు ప్రాంతమున దాని బలము వేరు. తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుండి క్రమక్రమముగా తరలివచ్చి, డెబ్బదులలో అన్నపూర్ణ స్టూడియోను, అటుపిమ్మట పద్మాలయా, రామానాయుడు స్టూడియోలను ఈ రాతిగుట్టల మీదను వాని చేరువను నిలుపుకొన్న నాటినుండి, ముఖమే జీవనాధారమైనవారు ఇచట నివసించుచున్నారు. కారు నంబరును బట్టియే మనిషిని గుర్తించు వీధులివి. ఒక నటుడు మనోవైద్యుని మెట్లెక్కెనన్న సంగతి సాయంకాలమునకే యూట్యూబు ఛానళ్ళలో వార్తయగును. మరునాడు నిర్మాత అడ్వాన్సు ఇచ్చుటకు వెనుకాడును.

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి షూటింగులన్నియు నిలిచిపోయిన దినములలో, ఆ నెల 25వ తేదీన, కేంద్రప్రభుత్వము దూరవైద్యమునకు నియమావళి వెలువరించెను. వైద్యుడు తానెవరో తెలిపి, రోగి యెవరో నిర్ధారించుకొనవలెననియు, మైనరు పిల్లలను పరీక్షించునపుడు పెద్దవారొకరు తోడుండవలెననియు, మత్తుమందుల చట్టము క్రిందికి వచ్చు ఔషధములను ఈ పద్ధతిన వ్రాయరాదనియు అందు విధించిరి. ఆ నియమముల నీడలో ఆన్‌లైన్ కౌన్సెలింగు మొదలిడిన పిమ్మట నేను గమనించిన విశేషమేమనగా, మనుష్యులు ముందుగా రాసాగిరి. విడాకులు, తొలి కాన్పు, ఉద్యోగనష్టము, పిల్లల విదేశప్రయాణము, వార్ధక్యము మొదలగు మలుపులలో కలుగు కలత, మార్పు సంభవించిన కొలది వారములలో గాని నెలలలో గాని తలయెత్తి, కారణము తొలగిన పిదప సామాన్యముగా ఆరు నెలలకు మించి నిలువదు. దానికి మాత్రలకంటె మాటయే ముఖ్యమైన చికిత్స. అది ముదిరి విషాదరోగముగా మారకముందే రోగి వైద్యునితో మాటలాడుట ఎంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు. ఇందు నేను చెప్పబోవు ఉదంతములలో ఆనవాళ్ళను మార్చితిని; బాధను మార్చలేదు.

వదిన పాత్రలతో, తల్లి పాత్రలతో ఇంటింటికి పరిచితురాలైన ఒక నటీమణి, భర్తనుండి వేరుపడిన తొలిమాసములలో, కెమేరాను ఆపివేసి కంఠస్వరముతో మాత్రమే నాతో మాటలాడెడిది. జీవితమంతయు కెమేరా ఎదుట గడపిన మనిషి దానిని ఆపుకొనగలిగిన చోటు అదియొక్కటియే కావచ్చునని తలచి నేను బలవంతపెట్టలేదు. ఆమె అడిగినది తన సంగతి కాదు. "సెట్లో నవ్వగలుగుతున్నానండీ, ఇంటికొచ్చి పాప ముందు నవ్వలేకపోతున్నాను. దానికి ఏమని చెప్పాలి డాక్టరుగారూ?" అనెను. జరిగినది వయస్సునకు తగిన మాటలలో నిజముగా చెప్పుడనియు, ఈ ఎడబాటునకు పాప కారణము కాదని ఒకసారి కాదు, పలుమార్లు చెప్పుడనియు, బడి, నిద్రవేళ, అమ్మమ్మగారి ఇంటి ఆదివారము మొదలైన మారనివాటిని పేరుపేరున చెప్పుడనియు, తండ్రిని బిడ్డయెదుట దూషింపవలదనియు చెప్పితిని. కొన్ని వారములకు ఆమె తనంతట తానే కెమేరా తెరచెను. అప్పటినుండి సంభాషణ బిడ్డనుండి ఆమె దుఃఖమునకు మరలెను.

బాలనటుడుగా పేరుపొంది, గొంతు మారి నూనూగు మీసము వచ్చుటతో అవకాశములు ఆగిపోయిన ఒక కుర్రవాని ఉదంతము వేరు. నేనేమి అడిగినను వాని కన్నులు ముందుగా ఒక ప్రక్కకు పోయి, పిదప జవాబు వచ్చుచుండెను. ఫ్రేముకు ఆవల తల్లి కూర్చుండి పెదవులతో అందించుచున్నది. నియమము ననుసరించి ఆరంభమున, ముగింపున ఆమెతో మాటలాడి, నడుమ కొంతసేపు పిలుపునకు అందునంత దూరమున ప్రక్కగదిలో ఉండుడని ప్రార్థించి, తలుపు వేయించితిని. చాలసేపటి మౌనము తరువాత ఆ బాలుడు, "నాకు బడికెళ్ళాలని ఉంది సార్. కానీ అక్కడ అందరూ డైలాగు చెప్పమంటారు" అనెను. కుమారుని కాల్షీట్లు చూచుకొనుటకై స్వగ్రామమునందలి ఉద్యోగమును విడిచి వచ్చిన తండ్రికి, ఆ మీసపు నూగుతోనే తన జీవికయు పోయినది; కావున బాలునికంటె తల్లిదండ్రులకే కౌన్సెలింగు ఎక్కువ అవసరమయ్యెను. పదునాలుగేండ్లు నిండని బాలనటులచేత దినమునకు అయిదు గంటలకు మించి పని చేయింపరాదనియు, వారి ఆర్జనలో కనీసము 20 శాతము వారి పేరిట జాతీయీకృత బ్యాంకున ఫిక్సుడు డిపాజిటు చేయవలెననియు 2017 నాటి కేంద్ర నిబంధనలు చెప్పుచున్నవి. కాని బాల్యము ముగిసిన మరునాడు ఆ కుటుంబము ఎట్లు బ్రదుకవలెనో ఏ నిబంధనయు చెప్పదు. అది ఒకరితో ఒకరు కూర్చుండి మాటలాడి తేల్చుకొనవలసినదే.

ఇక కృష్ణానగరున ఒకే గదిలో తల్లితో, భార్యతో, ఇద్దరు పిల్లలతో కాపురముండు ఒక లైట్‌మన్, భుజము దెబ్బతిని ఎత్తులెక్కలేని స్థితి వచ్చినపుడు, రాత్రివేళ మేడమీద నీళ్ళ ట్యాంకు చాటున నిలిచి గుసగుసగా నాతో మాటలాడెడివాడు. మెట్లపై అడుగుల చప్పుడైన మాట ఆగిపోయెడిది. సెల్‌ఫోను అందరికిని గలదు గాని తలుపు మూసికొనదగిన గది అందరికిని లేదన్న సత్యము, ఆన్‌లైను వైద్యమును కీర్తించువారందరును తెలిసికొనవలసినది. ఆతని భార్యకు పరిస్థితిని వివరింపగా, ఆ ఇల్లాలు ప్రతి మంగళవారము, పిల్లలు బడిలోనుండగా, అత్తగారిని పెద్దమ్మ గుడికి తోడ్కొని పోయి, ఆ ఒక్క గంట ఇంటిని ఆతనికి విడిచెను. ఆతడు కోలుకొనుటలో నా మాటలకంటె ఆ గంటకే ఎక్కువ పాలు గలదని నా నిశ్చయము.

అయితే తెర తీర్చలేనివి కొన్ని గలవు. తమ ప్రాణము తీసికొనవలెనన్న తలంపు గలవారిని, నిద్రాహారములు మాని లేని ధ్వనులు వినువారిని, ఇంటిలో దెబ్బలు తినుచు స్వేచ్ఛగా మాటలాడలేనివారిని ఎదుట కూర్చుండబెట్టుకొనియే చూడవలెను. అట్టివారికి ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యాలయమైనను, దగ్గరనున్న ఏ ఆసుపత్రియైనను శరణ్యము. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము రోగి రహస్యమును కాపాడుట వైద్యుని ధర్మముగా శాసించినది. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగా ఎంచి, చికిత్సయు పునరావాసమును కల్పించుట ప్రభుత్వ విధి యనినది. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి-మానస్ సేవకై 14416 సంఖ్యకు ఫోను చేసినయెడల, రాత్రింబవళ్ళు, తెలుగులోనే, రుసుము లేకుండ మాటలాడువారు గలరు.

తల్లిదండ్రులకు నా విన్నపమొక్కటియే. మీ ఇంట ఎవరైనను తమ జీవితపు మలుపును గూర్చి వైద్యునితో మాటలాడదలచిన దినమున, ఏమి చెప్పిరని పిదప అడుగకుడు. తలుపునకు ఆవల నిలువకుడు. వారికి ఒక గదిని, ఒక గంటను ఇండు. తక్కిన చికిత్సకు మేమున్నాము.