ఇంటికొక చిరునామా

మన పల్లెలలో చిరునామా అంటే ఇంటి సంఖ్య కాదు. "రామాలయం వెనుక సందు, చింతచెట్టు ఎదుటి పెంకుటిల్లు" అని వ్రాస్తే చాలు, ఉత్తరం చేరేది. అంతర్జాలానికి అటువంటి వెసులుబాటు లేదు. దానికి అంకెలే దిక్కు. ఆ అంకెలు నిండుకున్నప్పుడు ఏమవుతుందో, కోస్తా జిల్లాలలో అంతర్జాలాన్ని అందించే ఒక చిన్న సంస్థలో కొలువు చేసేవాడిగా దగ్గరనుండి చూశాను. ఆ ముచ్చట్లే ఇవి.

1981లో ఖాయమైన పాత పద్ధతి ఐపీవీ4. అందులో ఒక్కొక్క చిరునామాకు 32 బిట్లు. గుణించి చూస్తే మొత్తం 429,49,67,296 చిరునామాలు. ఆనాటి ప్రపంచ జనాభా సుమారు 450 కోట్లు. అంటే పుట్టిననాడే తలకొకటి చొప్పున చాలలేదన్నమాట! గణకయంత్రం ఇంటింటి వస్తువు కాని కాలం కనుక ఆ కొరత ఎవరినీ బాధించలేదు. 1998 నాటికి 128 బిట్ల కొత్త పద్ధతి, ఐపీవీ6, ప్రమాణంగా వెలువడింది. లోకం మాత్రం తొందరపడలేదు. 2011 ఫిబ్రవరి 3న పాత చిరునామాల ఉమ్మడి కొట్టు ఖాళీ అయింది. ఆ ఏప్రిల్‌లోనే మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పంచిపెట్టే ఏప్నిక్ ఆఖరి బస్తా విప్పి, రేషను మొదలుపెట్టింది. 2019 నుండి కొత్తగా చేరే సంస్థకు గరిష్ఠంగా 512 మాత్రమే.

మా సంస్థ ఆ తరువాత పుట్టినది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా దిగులు లేదంటారు. గిన్నే ఖాళీ అయినప్పుడు ఎవరు వడ్డించి ఏం లాభం? వేలాది ఇళ్ళకు 512 చిరునామాలు సర్దాలి. అందరూ చేసేదే మేమూ చేశాము. ఒక్కొక్క చిరునామా వెనుక పదుల ఇళ్ళను దాచి, ఎవరి మాట ఎవరిదో పోర్టు సంఖ్యలతో గుర్తుపెట్టుకొనే యంత్రాన్ని మధ్యలో నిలబెట్టాము. సినిమాలు ఆడాయి, చెల్లింపులు జరిగాయి. కాని ఒక ఇంటినుండి చెత్త ఉత్తరాలు వెళితే, ఏదో వెబ్‌సైటు ఆ చిరునామాను వెలివేసేది. పాపమెరుగని పొరుగువారందరికీ శిక్ష.

అంతకంటే పెద్ద లోటును నాకు ఒక విశ్రాంత తెలుగు మాస్టారు చూపించారు. ఆయన నలభై ఏళ్ళుగా తిరునాళ్ళలో తాను స్వయంగా రికార్డు చేసిన హరికథల క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించారు. టెక్సాస్‌లోని మనుమరాలు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆ కంప్యూటరునుండే వినాలని ఆయన కోరిక. ఉచితంగా చోటిచ్చేవారి దగ్గర పెట్టుకోవచ్చు కదా అన్నాను.

"వాళ్ళు దుకాణం కట్టేస్తే? ఇల్లు నాది, తాళం నాది, చిరునామా మాత్రం నాకు లేదా బాబూ?" అన్నారు.

జవాబు చెప్పలేకపోయాను. ఉమ్మడి చిరునామా వెనుక ఉన్నవాడు ఎవరినైనా పిలవగలడు, కాని అతనిని ఎవరూ నేరుగా పిలవలేరు. మొదట్లో జాలంలో ప్రతి యంత్రమూ మరొకదానికి సమానం. ఆలస్యంగా వచ్చిన మనకు దక్కినది వినే హక్కు మాత్రమే.

ఐపీవీ6లో ఒక ఇంటికిచ్చే అతి చిన్న ముక్కలోని చిరునామాలు, పాత జాలం మొత్తాన్ని దానితోనే హెచ్చవేసినన్ని. అయినా యాజమాన్యం అడిగిన ప్రశ్న ఒక్కటే: "దీనివల్ల ఎంత వస్తుంది?" ఏ చందాదారూ అడగని వస్తువుకు ధర ఏమని చెప్పను? ఉమ్మడి యంత్రం మీద బరువు తగ్గుతుంది, దానిని పెంచే ఖర్చు తప్పుతుంది అని ఒప్పించాను.

రెండు పద్ధతులు ఒకదానితో ఒకటి మాటలాడలేవు. కాబట్టి రెంటినీ పక్కపక్కనే నడపాలి. తీగలు, రౌటర్లు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. బిల్లుల సాఫ్ట్‌వేరు పెట్టింది. అందులో చిరునామా గడి 15 అక్షరాలదే. కొత్త చిరునామా 39 దాకా సాగుతుంది. ఇంకొక చిక్కు: కొన్ని సైట్లు సగం తెరుచుకొని ఆగిపోయేవి. "పొట్లం పెద్దదయింది, చిన్నది చేసి పంపు" అని దారిలోని రౌటరు తిప్పి పంపే కబురును, ఎప్పటిదో ఒక పాత భద్రతా నిబంధన అడ్డుకొంటున్నది. పాత పద్ధతిలో దారి మధ్యలోనే పొట్లాన్ని ముక్కలు చేయవచ్చు. కొత్తదానిలో పంపినవాడే చేయాలి. ఆ కబురు అందకపోతే అతడికి తెలిసేదెలా? అది పట్టుకోవడానికి మూడు రాత్రులు పట్టింది.

చిరునామా ఇచ్చినంత మాత్రాన తలుపులన్నీ బార్లా తెరవకూడదు. బయటినుండి పిలవకుండా వచ్చేవారిని ఇంటి రౌటరే ఆపేటట్లు అమర్చాము. మాస్టారి ఇంట మాత్రం హరికథలకు ఒక్క కిటికీ తెరిచాము. అవతల మనుమరాలి ఇంట్లో ఐపీవీ6 అప్పటికే ఉన్నది. మధ్యవర్తి లేకుండా పాట చేరింది.

2016లో జియో వచ్చిననాటినుండి మన దేశం ఈ కొత్త పద్ధతి వాడకంలో ప్రపంచపు ముందువరుసకు చేరింది. ఆలస్యంగా రావడంలో ఉన్న మేలు అదేనేమో! పాత ఆస్తి లేనివాడికే కొత్త నేల దున్నక తప్పదు. పాత పద్ధతిలోనే ఉండిపోయిన సైట్లకోసం మా 512 ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి.

ఊరంతటికీ కొత్త చిరునామాలు పంచిన మరునాడు ఎవరూ ఫోను చేయలేదు. మా వృత్తిలో దానినే సన్మానం అనుకోవాలి.