మనవరాలిని ఏ బడిలో వేద్దాం?

మీ ఇంట్లో మూడేళ్ళ పిల్లలుంటే ఈ గొడవ మీకూ తప్పదు. వ్యాన్ వచ్చే కాన్వెంటులో వెయ్యాలా, వీధి చివరి అంగన్‌వాడీలో వెయ్యాలా? "ఫీజు నేను కడతాను కదమ్మా" అంటాడు మా అబ్బాయి. ఫీజు గురించి కాదండీ. మా మనవరాలికి మూడేళ్ళు నిండినా మాటలు తక్కువ, బరువూ అంతంతమాత్రం. ఇంట్లో అందరం పెద్దవాళ్ళమే. ఫోను చూస్తే గానీ ముద్ద దిగదు. దానికి కావల్సింది ఏబీసీడీలు కాదు, తోటిపిల్లలు అని నా లెక్క.

అక్షరాభ్యాసానికి ఎక్కడెక్కడివాళ్ళో మా అన్నవరం కొండకి వస్తారు. కింద ఉండే మాకు ఆ పని తేలిగ్గానే అయిపోయింది. బడి దగ్గరే వచ్చింది చిక్కు! మాకు దగ్గరలో రెండు అంగన్‌వాడీలున్నాయి. వంట త్వరగా ముగించుకుని, నాలుగైదు రోజులు రెండూ చూసొచ్చాను.

మొదటిది సొంత భవనం. గోడల మీద ఏనుగులూ చిలకలూ. చూడగానే మనసు లాగేసింది. కానీ పిల్లలు వరసగా పలకలు పట్టుకుని నోరెత్తకుండా కూర్చున్నారు. బొమ్మలేమో కవరు విప్పకుండా బీరువా మీదున్నాయి! రెండోది అద్దె ఇల్లు, ఇరుకు. అక్కడ టీచరు ఒక వంకాయనీ ఒక దొండకాయనీ పట్టుకుని కథ చెబుతుంటే పిల్లలు గోల గోల. అన్నానికి ముందు ఆయా ఒక్కొక్కరి చేతులూ దగ్గరుండి కడిగింది. మనవరాలిని తూచి, కార్డులో చుక్క పెట్టి, "ఆకుపచ్చలోనే ఉందండీ, కానీ అంచున ఉంది" అని నాకు చూపించారు.

అంగన్‌వాడీ అంటే పప్పూ గుడ్డూ ఇచ్చే చోటనే అనుకుంటాం. 1975 అక్టోబరు 2న ఈ పథకం మొదలైనప్పటి నుంచీ మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటపాటల చదువు కూడా అందులో భాగమే. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలోనూ రాశారు. మరి ఆ వయసులో పలక ముందు కట్టేసినట్టు కూర్చోబెడితే ఏం లాభం చెప్పండి?

మీరూ చూడ్డానికి వెళితే ముందు చెప్పకుండా, అన్నాల వేళకి వెళ్ళండి. గోడలు కాదు, మంచినీళ్ళ బిందె మీద మూత ఉందో లేదో చూడండి. గుడ్డు పిల్లలు అక్కడే తింటున్నారా, సంచిలో ఇంటికి పోతోందా చూడండి. మరుగుదొడ్డి తలుపు తీసి మరీ చూడండి, మొహమాటం వద్దు.

రెండోదానికి లోపం లేదనను. వాకిలి నేరుగా రోడ్డు మీదకే. తల్లులం నలుగురం కలిసి వెదురు తడిక కట్టించాక గానీ నాకు ధైర్యం రాలేదు. అక్కడే చేర్పించాం. మా అత్తగారు గుడ్డు విషయంలో కాస్త గొణిగారు గానీ, "ఇంట్లో వండనంతవరకూ నాకెందుకులే" అన్నారు.

అబ్బాయి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. వచ్చే జూన్‌లో కాన్వెంటే అంటున్నాడు. చూద్దాం. ఈ నెల రోజుల్లో పిల్ల అక్కడ ఫోను లేకుండా అన్నం తింటోంది. ఇంటికొచ్చి దొండకాయకి ఏమైందో చెబుతోంది, సగం మాటలు మాకు అర్థం కాకపోయినా.